శేఠ్ ప్రేమచంద్ రాయచంద్ – బొంబాయి బ్యాంకు

బ్రతుకుతెరువు వెదుకుకొంటూ నైజాం ఇలాకా నుండి బొంబాయికి పోయిన తెలుగు కూలీలు, మేస్త్రీలు కాపురమున్న పేట కామాఠీపురం. హార్న్‌బీ గట్టు పడి, సముద్రపు పోటు ఆగి, పల్లపు నేలలు ఆరిన తరువాత, 18వ శతాబ్దపు చివరి భాగంలో ఈ పేట ఏర్పడింది. రాళ్ళు మోసి, సున్నం కలిపి ఆ నగరాన్ని లేపిన చేతులలో అక్కడి తెలుగువారి చేతులు ఎన్నో ఉన్నవి. కామాఠీపురం నుండి తూర్పుగా పోతే బైకుల్లా వస్తుంది. ఆ బైకుల్లాలో లవ్ లేన్ అనే వీధిలో ప్రేమోద్యాన్ అనే భవంతి ఉండేది. దాని యజమాని జైన శ్రావకుడు శేఠ్ ప్రేమచంద్ రాయచంద్. ఒక ప్రక్క దినకూలీ అణాలు లెక్కపెట్టుకొనే సంసారాలు, ఇంకొక ప్రక్క ఒక్క మాటతో లక్షలు కదిలించగల మనిషి. ఆయన లెక్క తప్పిననాడు ఆ నష్టం ప్రేమోద్యాన్ గోడల లోపలనే ఆగలేదు.

ప్రేమచంద్ గారు 1831లో సూరతు నగరంలో జన్మించినారు. తండ్రి రాయచంద్ దీప్‌చంద్ గారు వర్తకులు. కుటుంబం బొంబాయికి వచ్చి స్థిరపడగా, అక్కడ ప్రేమచంద్ గారు ఇంగ్లీషు చదువుకొన్నారు. దేశీయ దలాలులలో ఇంగ్లీషు చదవను, వ్రాయను, మాటలాడను నేర్చిన మొదటివాడు ఈయనే అని ప్రసిద్ధి. మొదట రతన్‌చంద్ లాలా అనే దలాలు వద్ద సహాయకుడుగా చేరి, తరువాత స్వంతముగా ప్రత్తి, షేర్లు, హుండీల దలాలీ సాగించినారు. విలాయతు ఓడలు రేవు చేరకముందే పడవలలో మనుషులను ఎదురు పంపి లివర్‌పూలు ధరలు తెలుసుకొనేవారని చెప్పుకొంటారు. వ్యాపారంలో వార్తకున్న విలువ ఆయనకు తెలిసినట్లు ఆనాడు మరొకరికి తెలియదు.

ఇక బొంబాయి బ్యాంకు సంగతి కొంచెం విపులంగా చెప్పాలి. రిజర్వు బ్యాంకు 1935 ఏప్రిల్ 1వ తేదీన పుట్టింది. అంతకుముందు ఆ పనులలో కొన్నింటిని మూడు రాజధాని బ్యాంకులు చేసేవి. అవి కలకత్తాలోని బెంగాల్ బ్యాంకు, 1840లో వచ్చిన బొంబాయి బ్యాంకు, 1843లో వచ్చిన మద్రాసు బ్యాంకు. బొంబాయి బ్యాంకులో సర్కారుకు వాటా ఉండేది, డైరెక్టర్లలో సర్కారు నియమించినవారు ఉండేవారు. బ్యాంకు స్వంత నోట్లు కూడా అచ్చువేసేది. 1861 చట్టం ప్రకారం 1862 మార్చి నుండి నోట్లు వేసే హక్కును సర్కారు తానే తీసుకొన్నది. అందుకు బదులుగా ఖజానా సొమ్మును ఈ బ్యాంకులలో ఉంచసాగింది. పాత శాసనంలో అప్పు ఇవ్వడానికి గట్టి కట్టుబాట్లు ఉండేవి. బంగారం, వెండి, సర్కారు కాగితాలు, సరుకు వంటి వాటి మీదనే ఇవ్వాలి. 1863లో వచ్చిన కొత్త చట్టం ఆ కట్టుబాట్లను సడలించింది. షేర్ల మీద కూడా అప్పు ఇవ్వవచ్చునన్నారు. తాళం తీసిన సమయం చాలా చెడ్డది.

ఏమంటే 1861లో అమెరికాలో అంతర్యుద్ధం ప్రారంభమై, అక్కడి ప్రత్తి ఇంగ్లండు మిల్లులకు రావడం నిలిచిపోయింది. మిల్లులవారి చూపంతా మన దేశపు ప్రత్తి మీద పడింది. ధర ఎన్నో రెట్లు పెరిగింది. ఆ నాలుగైదేండ్లలో బొంబాయికి అదనంగా వచ్చిన ధనం ఏడెనిమిది కోట్ల పౌండ్లని లెక్క కట్టినారు. వచ్చిన వెండి ఊరకుంటుందా! బ్యాంకులు, ఫైనాన్సు కంపెనీలు, సముద్రం పూడ్చే కంపెనీలు వానకు మొలిచిన పుట్టగొడుగుల వలె లేచినవి. వీటిలో బ్యాక్ బే కంపెనీ పేరుమోసినది. అయిదు వేల రూపాయల ఆ కంపెనీ షేరు యాభై వేలు దాటి పలికింది. ప్రేమచంద్ గారు ఏషియాటిక్ బ్యాంకింగ్ కార్పొరేషన్ స్థాపించినారు. ఏ కంపెనీ షేర్లు ఎవరికి ఎన్ని పంచాలో ఆయన మాట మీద సాగేది. తెల్ల అధికారులు కూడా ఆయన వాకిట కాచుకొన్నారు.

ఇక్కడనే ఆయన తప్పు ఉంది. మనవాడని దాన్ని కప్పిపుచ్చడం న్యాయం కాదు. బొంబాయి బ్యాంకు కార్యదర్శి బ్లేయర్ ఆయన మాటకు లోబడిపోయినాడు. ప్రేమచంద్ గారు చెప్పినవారికి షేర్ల తాకట్టు మీద, కొన్నిసార్లు ఉత్త ప్రామిసరీ నోటు మీద అప్పులు పోయినవి. ఆ సొమ్ముతో మళ్ళీ షేర్లు కొనేవారు, ధర మరింత పెరిగేది, పెరిగిన ధర చూపి మళ్ళీ అప్పు తెచ్చేవారు. హుండీ వ్యాపారం తెలిసిన ఏ షరాబూ తన ఇంటి సొమ్మును ఇట్లా ఇవ్వడు. బ్యాంకు సొమ్ము ఎవరిదీ కాదన్నట్లు ఇచ్చినారు. అది సర్కారు సొమ్ము, డిపాజిటుదారుల సొమ్ము.

1865 ఏప్రిల్‌లో దక్షిణ రాష్ట్రాల సేనాని లీ లొంగిపోయినాడు. ఆ వార్త బొంబాయి చేరగానే ప్రత్తి ధర జారింది. వాయిదా బేరాలన్నీ జులై 1వ తేదీకి చెల్లవలసి ఉండినవి. ఆనాడు కొన్నవాడు కట్టలేడు, వాడు కట్టనిదే అమ్మినవాడు తన బాకీ తీర్చలేడు. బ్యాక్ బే షేరు రెండు వేల లోపుకు పడింది. 2,850 రూపాయలు పలికిన బొంబాయి బ్యాంకు షేరు 87కు దిగింది. మరుసటి మే నెలలో లండనులో ఓవరెండ్ గర్నీ అనే పెద్ద సంస్థ కూలగా ఇక్కడి నిప్పుకు గాలి తోడైంది. 1866లోనే ఏషియాటిక్ బ్యాంకు, ప్రేమచంద్ గారి స్వంత వ్యవహారం రెండూ కూలినవి.

కామాఠీపురపు కూలీ షేరు కొనలేదు. అతని కొంగున ఉన్నది కల్దారు రూపాయి. అందులో 165 గ్రెయిన్ల అసలు వెండి ఉండేది గనుక ఏ కంపెనీ మునిగినా ఆ నాణెం మునగలేదు. దానిని ఇంటికి పంపితే తెలంగాణంలో హాలీ సిక్కాగా మారేది. తరువాతి కాలంలో ఆరు కల్దారులకు ఏడు హాలీలు అనే మారకం నిలిచింది. నాణెం నిలిచినా, సంపాదించే పని నిలవలేదు. సముద్రం పూడ్చే కంపెనీలు మూతబడినవి. 1864 జనాభా లెక్కలో బొంబాయి జనం 8,16,562, 1872లో 6,44,405. లక్షా డెబ్బై వేల మందికి పైగా తగ్గినారు. షేర్లు ఆడినవారు కొన్ని వేలమంది అయితే, మూటలు కట్టుకొన్నవారు ఇంతమంది.

బ్యాంకు మూలధనం 2 కోట్ల 9 లక్షలలో దాదాపు 1 కోటి 90 లక్షలు పోయినవి. 1868లో సర్ ఛార్లెస్ జాక్సన్ అధ్యక్షతన విచారణ సంఘం కూర్చున్నది. అప్పులిచ్చిన తీరును, కార్యదర్శి మీద ప్రేమచంద్ గారి పలుకుబడిని, డైరెక్టర్ల ఉపేక్షను అది బయటపెట్టింది. కావలి కాయవలసిన సర్కారు డైరెక్టర్లు కూడా కన్ను మూసుకొన్నారన్నది మరువరాదు. పాత బ్యాంకును మూసివేసి, అదే పేరుతో కొత్త బ్యాంకు నిలిపినారు. అది 1921లో మిగిలిన రెండింటితో కలిసి ఇంపీరియల్ బ్యాంకు అయింది, 1955 జులై 1న స్టేట్ బ్యాంకు అయింది.

ప్రేమచంద్ గారి సంపదలో దక్కినది ఆయన ఇచ్చివేసినదే. మునిగే ఓడ నుండి ముందుగానే ఒడ్డుకు చేర్చిన సరుకు వంటిది అది. 1864లో బొంబాయి విశ్వవిద్యాలయానికి గ్రంథాలయం కొరకు రెండు లక్షలు, తల్లి రాజబాయి గారి పేర గడియారపు గోపురానికి ఇంకొక రెండు లక్షలు ఇచ్చినారు. 1869లో పునాది పడి, 1878లో 280 అడుగుల గోపురం పూర్తి అయింది. నక్షా గీసినవాడు ఇంగ్లండులోని సర్ గిల్బర్ట్ స్కాట్. రాజబాయి గారికి చూపు మందగించిందనీ, సూర్యాస్తమయానికి ముందే భోజనం ముగించే నియమం తప్పకుండా గంటల శబ్దం ఆమెకు తోడ్పడేదనీ బొంబాయిలో చెప్పుకొంటారు. కలకత్తా విశ్వవిద్యాలయానికి ఇచ్చిన రెండు లక్షలతో ఏర్పడిన విద్యార్థి వేతనం అశుతోష్ ముఖర్జీ, జదునాథ్ సర్కార్ వంటి మహాపండితులు అందుకొన్నారు. అహమ్మదాబాదులోని ఉపాధ్యాయ శిక్షణ కళాశాల కూడా ఆయన పేరు మోసినది.

దివాలా తరువాత ఊరు విడిచి పోక, ప్రేమచంద్ గారు అదే బజారులో మళ్ళీ దలాలీకి దిగినారు. పడినచోటనే పదిమంది ముందు లేచి నిలబడడం లక్షలు గడించడం కన్న కష్టమైన పని. 1875లో దేశీయ షేరు దలాలుల సంఘం ఏర్పడినప్పుడు స్థాపకులలో ఆయన ఒకరు. నేటి బొంబాయి స్టాక్ ఎక్స్ఛేంజి అదే. పూర్వపు వైభవం మాత్రం తిరిగి రాలేదు. 1906లో తమ 75వ ఏట దివంగతులైనారు. అప్పటికి రాజబాయి గోపురం పూర్తి అయి 28 సంవత్సరాలు అయింది.