కరివేపాకు పేరులో ఒక మిషన్ వైద్యుడు

మన ఇళ్లలో పోపులో తప్పక పడేది కరివేపాకు, విస్తట్లో మొదట పక్కకు పోయేదీ అదే. ఆ చెట్టు శాస్త్రీయ నామంలో ఒక మిషన్ వైద్యుని పేరు దాగి ఉందని మన సంఘాలలో చాలామంది ఎరుగరు. 1771లో స్వీడన్ పండితుడు లిన్నేయస్ దానికి బెర్గెరా కోనిగి అని పేరు పెట్టాడు.

ఆ కోనిగ్ పూర్తి పేరు యోహాన్ గెర్హార్డ్ కోనిగ్. 1728లో లివోనియాలో, అంటే నేటి లాట్వియా ప్రాంతంలో పుట్టాడు. లిన్నేయస్ దగ్గరే వృక్షశాస్త్రం నేర్చుకున్నాడు. 1768లో తరంగంబాడిలోని డేనిష్ మిషన్‌కు వైద్యుడిగా వచ్చాడు. రోగులను చూస్తూనే మొక్కలు సేకరించి ఐరోపా పండితులకు పంపేవాడు.

మిషన్ జీతం ఆ పనికి చాలేది కాదు. 1774లో ఆయన ఆర్కాటు నవాబు కొలువులో చేరాడు. మన చిత్తూరు సీమ కూడా ఆనాడు ఆ నవాబు ఏలుబడిలోనిదే. 1778లో ఈస్టిండియా కంపెనీ కొలువుకు మారి సయాం, మలక్కా దాకా వెళ్లి వచ్చాడు.

సేవను విడిచి లోకం వెంట పోయాడని ఆయనను తప్పుపట్టాలా? మేమలా తలంచడం లేదు. కొలువు మారినా మిషనరీ సహోదరులతో పొత్తు విడవలేదు. మొక్కల మీద ఆసక్తి ఉన్నవారు ఐక్య సహోదరులు అనే పేరుతో కూడి, సేకరించినవి ఒకరికొకరు పంచుకునేవారు. వారిలో రోట్లర్ అనే మిషనరీ కోనిగ్ దగ్గర ఈ విద్య నేర్చుకుని, వాక్యసేవ మానకుండానే మొక్కలు సేకరించాడు. తరువాత మద్రాసు వేపేరిలో సేవచేసి 1836లో ప్రభువునందు నిద్రించాడు.

కొత్త మొక్కకు పేరు పెట్టేటప్పుడు ఆ సహోదరులు తమలో ఒక్కరి పేరు కాక, మా అందరిదీ అనే భావమిచ్చే లాటిన్ మాట చేర్చేవారు. శిలాఫలకం మీద ఎవరి పేరు ముందుండాలని తగవులాడుకునే సంఘాలకు ఇది చెంపపెట్టు కాదా?

1785లో కాకినాడ జగన్నాథపురంలో రక్తవిరేచనాలతో కోనిగ్ కన్నుమూశాడు. అప్పుడు ఆయనకు వైద్యం చేసినవాడు రాక్స్‌బర్గ్. సామర్లకోటలో తోట పెంచిన ఈ వైద్యుడే 1793లో కలకత్తా వృక్షోద్యానానికి అధిపతి అయ్యాడు. ఆయన మిత్రుడు, శ్రీరాంపూర్ మిషనరీ విలియం కేరీ 1820లో వ్యవసాయ ఉద్యానవన సంఘాన్ని స్థాపించాడు. ఒకరు నాటినది మరొకరు నీరు పోసి పెంచారు.

సొలొమోను దేవదారును గూర్చే కాదు, గోడమీద మొలిచే హిస్సోపును గూర్చి కూడా మాట్లాడాడు. మన ప్రభువు అడవి పువ్వులను చూడమన్నాడు. శ్రీసిటీ చుట్టుపక్కల మన పిల్లలు కర్మాగారాల పేర్లు గుక్కతిప్పకుండా చెబుతారు. మందిర ఆవరణలో నీడనిచ్చే చెట్టు పేరు అడిగితే మాత్రం తడుముకుంటారు. వచ్చే ఆదివారం సండేస్కూలు అయ్యాక వారిని ఆ చెట్ల దగ్గరకు తీసుకువెళ్దాం. పేరు తెలిసిన చెట్టును గొడ్డలికి అప్పగించడం అంత సులువు కాదు.