యంత్రాన్ని మన కోసం ఆగమన్న లెక్కల మాస్టారు

మీరు రాసిన మొదటి ప్రోగ్రామ్ గుర్తుందా? చాలామందికి తెర మీద హలో అని చూపించేదే. అది సులువు. అసలు తంటా రెండో దానితో మొదలవుతుంది: కీబోర్డు నుంచి రెండు అంకెలు తీసుకుని కూడాలి. రొంపిచెర్ల నుంచి బస్సెక్కి వెళ్లి ఇంజినీరింగ్ చదివిన నేను మొదటి ఏడాది సీ ల్యాబ్‌లో ఇక్కడే బోల్తాపడ్డా. స్కాన్ఎఫ్‌లో వేరియబుల్ ముందు ఆంపర్‌శాండ్ గుర్తు మర్చిపోయా. ఎంటర్ నొక్కగానే ప్రోగ్రామ్ కుప్పకూలింది. మనకిది రాదులే అనుకుని చాలా రోజులు వెనక సిస్టమ్ దగ్గరే కూర్చున్నా. పైథాన్‌తో మొదలుపెట్టిన మీకు ఇంకోరకం దెబ్బ తగిలే ఉంటుంది. 5, 7 ఇస్తే 12 బదులు 57 వస్తుంది. ఇన్‌పుట్ తెచ్చేది అక్షరాల్ని, ఇంట్‌తో అంకెగా మార్చాలని అప్పటికి మనకేం తెలుసు?

ఈ కష్టాన్ని కొత్తవాళ్ల మీద కాక యంత్రం మీద వేద్దామనుకున్న మనిషి జాన్ కెమెనీ.

1926లో హంగరీలోని బుడాపెస్ట్‌లో, యూదు కుటుంబంలో పుట్టారు. నాజీల ముప్పు పసిగట్టిన తండ్రి ముందుగా అమెరికా చేరి, 1940లో ఇంట్లోవాళ్లని రప్పించుకున్నారు. కొత్త దేశం, కొత్త భాష. అయినా మూడేళ్లకి న్యూయార్క్ హైస్కూల్లో క్లాస్ ఫస్ట్ వచ్చారు. తెలుగు మీడియం నుంచి వెళ్లి ఇంగ్లిష్ క్లాసులో బిక్కచచ్చిపోయిన వాళ్లు ఈ ముక్క గుర్తుపెట్టుకోండి. ప్రిన్స్‌టన్‌లో చదువు మధ్యలో 1945లో లాస్ అలమోస్‌కి పంపారు. అక్కడ అణుబాంబు లెక్కల కోసం పంచ్ కార్డు యంత్రాలు రాత్రింబవళ్లు తిరిగేవి. ఆ తర్వాత కొంతకాలం ఐన్‌స్టీన్‌కి లెక్కల్లో సహాయకుడు. 1949లో పీహెచ్‌డీ.

తర్వాత డార్ట్‌మత్ కాలేజీలో చేరారు. అక్కడ కంప్యూటరే లేదు. సహోద్యోగి థామస్ కర్ట్జ్ రెండు వారాలకోసారి కార్డుల పెట్టె పట్టుకుని రైల్లో ఎంఐటీకి వెళ్లేవారు. ఒక్క అక్షరం తప్పుపోయిందా, మళ్లీ రెండు వారాలు. మనకి రన్ బటన్ నొక్కి రెండు సెకన్లు ఆగాలన్నా విసుగే కదా!

యంత్రం చాలా ఖరీదైంది. మనిషి కీబోర్డు ముందు ఆలోచిస్తూ కూర్చుంటే అది ఖాళీగా ఎదురుచూడటం దండగ అనుకునేవారు. దీనికి ఇద్దరూ పట్టుకున్న దారి టైమ్ షేరింగ్. మీరు ఆలోచించేలోపు అది పక్కవాళ్ల పని చూస్తుంది. 1964 మే 1 తెల్లవారుజామున 4 గంటలకి కొత్త భాష బేసిక్ నడిచింది. దాని తొలి కంపైలర్ రాసింది కెమెనీయే. సాహిత్యం, చరిత్ర చదివేవాళ్లకీ కంప్యూటర్ రావాలన్నది వాళ్ల పట్టుదల. అందుకే పూర్ణాంకమా, దశాంశమా అన్న గోల విద్యార్థికి పెట్టలేదు. అంకె అంటే అంకె, అంతే.

తమాషా ఏంటంటే, మొదటి బేసిక్‌లో కీబోర్డు నుంచి విలువ అడిగే వీలే లేదు. అంకెలన్నీ ప్రోగ్రామ్‌లోనే డేటా లైన్లలో రాయాలి. ఇన్‌పుట్ అనే మాట 1966లో చేరింది. టెలిటైప్ మీద ఓ ప్రశ్నార్థకం అచ్చుపడి, యంత్రం మన జవాబు కోసం ఆగేది. మీ ఇన్‌పుట్ ఫంక్షన్‌కి పేరు వరసలో ఇదే తాత. 1984లో మన దేశంలో బడులకొచ్చిన బీబీసీ మైక్రో కంప్యూటర్లలోనూ బేసిక్కే ఉండేది.

1970 నుంచి 1981 దాకా ఆయన డార్ట్‌మత్ అధ్యక్షుడు. ఆ పదవిలోనూ పాఠాలు మానలేదు. అమ్మాయిలకి అక్కడ డిగ్రీ చదువు తలుపులు తెరిచింది ఆయన హయాంలోనే. 1979లో త్రీ మైల్ ఐలండ్ అణు ప్రమాదంపై విచారణ కమిషన్‌కి ఆయనే ఛైర్మన్. ఆ నివేదిక ఆపరేటర్ల పొరపాట్లతో సరిపెట్టలేదు. చాలని శిక్షణనీ, ఒక్కసారిగా వందకు పైగా అలారాలు మోగించి మనిషిని గందరగోళపెట్టే కంట్రోల్ రూమ్‌నీ తప్పుపట్టింది. నా దృష్టిలో ఇదీ ఇన్‌పుట్, అవుట్‌పుట్ గొడవే. 1992 డిసెంబరు 26న, 66 ఏళ్ల వయసులో కెమెనీ కన్నుమూశారు.

ఇప్పుడు ఓ పని చేయండి. మిర్చి టిక్కీలెన్ని అని అడిగే చిన్న ప్రోగ్రామ్ రాసి, ఇంట్లో నాన్నకివ్వండి. ఆయన తెలుగు అంకెల్లో ౧౦ అని కొట్టినా పైథాన్ ఒప్పుకుంటుంది, నిజంగా! అక్షరాల్లో పది అని కొడితే మాత్రం ఎర్రర్ చూపించి ఆగిపోతుంది. అప్పుడు వైల్ లూప్‌లో ట్రై, ఎక్సెప్ట్ పెట్టి, మళ్లీ అడిగేలా మార్చండి.