మదరాసు వేధశాలలో పాగ్సన్

శామీర్‌పేట చెరువుకట్టపై చీకటిరాత్రి నిలిచి చూచువారికి ఉత్తరాకాశమున చుక్కలు కొంతవఱకు కనుపించును గాని, దక్షిణమున హైదరాబాదు నగరపు దీపకాంతి నింగిని గప్పివైచును. మేడ్చల్ సీమకును ఇదే గతి. ఏ యూర నిలిచిన ఏ తరగతి చుక్క వఱకు కంటికి అందునో లెక్కగట్టు యువకులు మన ప్రాంతమునను లేకపోలేదు. అయితే ఆ తరగతులకు గట్టి కొలతను ఏర్పఱచిన వాడు మన తెలుగుజిల్లాలు చేరియుండిన పూర్వపు మదరాసు రాజధానిలోనే ముప్పదియేండ్లు పనిచేసి, అచ్చటనే కన్నుమూసెనను సంగతి వారిలో ననేకులు ఎఱుగరు. పరపాలనను మే మెన్నడును మెచ్చినవారము గాము. అయినను ఆ పాలనలో ఉద్యోగము చేసిన యీ ఆంగ్లేయుని చరిత్ర మనము తెలిసికొనదగినదనియే మా యభిప్రాయము.

నార్మన్ రాబర్ట్ పాగ్సన్ 1829 మార్చి 23వ తేదీన నాటింగ్‌హాం నగరమున జన్మించెను. పదునెనిమిదేండ్ల వయస్సునకే రెండు తోకచుక్కల కక్ష్యలను గణించెను. పిమ్మట లండనులో జార్జి బిషప్ అనువాని వేధశాలయందును, 1852 మొదలు ఆక్స్‌ఫర్డులోని రాడ్‌క్లిఫ్ వేధశాలయందును సహాయకుడుగ నుండెను. 1856 మే 23వ తేదీ రాత్రి ఆయనకు ఒక క్రొత్త లఘుగ్రహము దొరకెను. కుజ బృహస్పతుల మార్గముల నడుమ సూర్యుని జుట్టి తిరుగు ఆ చిన్న గోళములలో అది నలువదిరెండవది. దానికి ఐసిస్ అని పేరు వచ్చెను. ఆయన ముద్దుల కుమార్తె పేరును అదియే. మరుసటి యేడు మఱి రెండు దొరకెను.

దొరికినదానిని మరల పట్టుటయే అసలు చిక్కు. లఘుగ్రహము దూరదర్శినిలో చుక్కవలెనే యుండును. అది సూర్యునికి ఎంత దూరమున నున్నదో, భూమికి ఎంత దూరమున నున్నదో దానినిబట్టి నెలనెలకు వెలుగు మాఱును. రెండు దూరముల వర్గముల చొప్పున కాంతి తగ్గును. నేడు బాగుగ కనుపించినది ఆఱుమాసములకు మసకబాఱి, వేలకొలది చుక్కలలో కలిసిపోవును. కావున ఫలానా నెలలో ఇది ఇంత వెలుగుతో నుండునని ముందుగ తెలిసిననే గాని వెదకువాడు వృథాగ కన్నులు కాయలు కాచునట్లు చూడవలసివచ్చును. ఆ ముందులెక్కకు కొలబద్ద కావలెను. ప్రాచీన గ్రీకు జ్యోతిర్వేత్తలు చుక్కలను ఆఱు తరగతులుగ విభజించిరి. మిక్కిలి ప్రకాశించునవి మొదటివి, కంటికి కష్టముగ తోచునవి ఆఱవవి. కాని ఒక తరగతికిని తరువాతి దానికిని ఎంత భేదము? వేధకుడు వేధకునికి లెక్క మాఱుచుండెను. బజారులో ఒక్కొక్క వర్తకుడు ఒక్కొక్క తూకపురాయి పెట్టుకొన్నట్లుండెను.

మొదటి తరగతి చుక్క ఆఱవదానికంటె సుమారు నూఱింతలు ప్రకాశించునని అంతకుముందే కొందఱు గ్రహించియుండిరి. పాగ్సన్ ఆ నూఱును సరిగా నూఱుగనే స్థిరపఱచి, అయిదు మెట్లుగ పంచెను. అప్పుడు ఒక మెట్టునకు 2.512 రెట్లు వచ్చును. దాని లఘుగణకము సరిగ 0.4 అగును. గణించువానికి ఇంతకంటె సుఖమైన సంఖ్య లేదు. ఈ పద్ధతిని ఆయన పెద్ద సిద్ధాంతగ్రంథముగ వ్రాయలేదు. 1857వ సంవత్సరమున నెలనెలా మొదటి తేదీన ముప్పదియాఱు లఘుగ్రహముల ప్రకాశ మెంతయుండునో తెలుపు పట్టికను 1856లో ప్రకటించుచు, అందులో ప్రసంగవశమున చెప్పెను. ఒక పట్టికకై కుదుర్చుకొన్న లెక్క కాలక్రమమున లోకమంతటికి కొలత యయ్యెను. చుక్కలకేమి, లఘుగ్రహములకేమి, నేటికిని ప్రకాశము చెప్పవలెనన్న ఆ లెక్కయే.

1861లో ఆయన ప్రభుత్వ జ్యోతిర్వేత్తగ మదరాసునకు వచ్చెను. నుంగంబాకములోని వేధశాల కుంపినీవారు 1792లో కట్టించినది. వచ్చిన కొలదికాలమునకే, ఏప్రిల్ 17వ తేదీన, అఱువదియేడవ లఘుగ్రహమును కనిపెట్టెను. ఆసియాఖండమునుండి కనుగొనబడిన మొదటిది గనుక దానికి ఆసియా యని పేరిడెను. సాఫో, సిల్వియా, కమిల్లా, వీరా యనునవి తరువాత మదరాసుననే దొరకెను. వీనిలో సిల్వియాకు రెండు చిన్న చంద్రులు గలవని 2005లో తేలినది. ఒకటికి మించిన చంద్రులు గల లఘుగ్రహము అదియే మొదటిదిగ తెలిసెను.

1868 ఆగస్టు 18వ తేదీ సంపూర్ణ సూర్యగ్రహణము మన తెలుగుదేశముమీదుగ పోయెను. గుంటూరులో ఫ్రెంచి పండితుడు జాన్సెన్ దిగెను. పాగ్సన్ మచిలీబందరు వెళ్లి వర్ణపటదర్శినితో సూర్యజ్వాలలను పరిశీలించెను. నైజాం రాజ్యములోని వనపర్తికి వేధశాల పక్షమున మఱియొక బృందము పోయెను. దానికి నాయకుడు చింతామణి రఘునాథాచారి.

ఈ పేరును మేము పాగ్సన్ చరిత్రలో ఒక మూలకు నెట్టజాలము. రఘునాథాచారి పిన్నవయస్సుననే వేధశాలలో చేరి, ప్రధాన సహాయకుడై, 1867 జనవరిలో రెటిక్యులము రాశియందు వెలుగు మాఱు చుక్క నొకదానిని కనిపెట్టెను. 1872లో లండను రాయల్ ఖగోళసంఘమునకు సభ్యుడయ్యెను. 1874 శుక్రసంక్రమణమును గూర్చి దేశభాషలలో చిన్న పుస్తకములు ప్రకటించెను. కంటికి కనుపించు గ్రహస్థితికి సరిపడునట్లు పంచాంగమును దిద్దవలెనని పాటుపడెను. 1880లో గతించెను. మదరాసు పట్టికలు పాగ్సన్ పేర వెలువడినవి. రాత్రులు మేల్కొని అంకెలు వ్రాసిన చేతులలో దేశీయులవి ఎన్నో గలవు. దొరగారు ఆచారిగారి శోధనను దాచలేదనుట న్యాయమే. పేరు దాచకుండుట వేఱు, సమానముగ నిలుపుట వేఱు.

1872 నవంబరు చివర జర్మనీనుండి పాగ్సన్‌కు తంతి వచ్చెను. అంతకు మూడు నాళ్లకు ముందు ఉల్కలవాన కురిసినది. బీలా తోకచుక్క భూమిని తాకిపోయినదనియు, సెంటారస్ రాశిలో వెదకుమనియు దాని సారాంశము. మబ్బులు విడిన డిసెంబరు 2వ తేదీ వేకువను ఆయనకు అచ్చట నిజముగనే ఒక తోకచుక్క కనుపించెను. మరునాడును చూచెను. తరువాత మదరాసు మేఘములు మూసివైచినవి. అది బీలా కాదనియే పిమ్మట లెక్కలు తేల్చినవి. మఱెవ్వరును దానిని చూడలేదు.

దోషము లేని మనిషి కాడు. 1862 మొదలు 1887 వఱకు మదరాసులో అయిదువేలకు పైగా చుక్కల స్థానములను కొలిచియు, వానిని సకాలమున అచ్చునకు ఈయలేకపోయెను. కొలుచుటలోని యోపిక ముద్రించుటలో లేకపోయెను. పై యధికారుల మందలింపులు తప్పలేదు. 1891 జూన్ 23వ తేదీన మదరాసుననే మరణించెను. మిగిలిన సంపుటములను వెలువరించుట ఆయన తరువాతివాడగు మిచీ స్మిత్ వంతు అయ్యెను.

కుమార్తె ఐసిస్ 1873 మొదలు తండ్రి వేధశాలలో గణకురాలై పనిచేసెను. 1886లో ఆమెను రాయల్ ఖగోళసంఘ సభ్యత్వమునకు ప్రతిపాదింపగా, సంఘపు శాసనపత్రమున సభ్యునిగూర్చి పురుషవాచక సర్వనామమే వ్రాయబడియున్నదని న్యాయవాదులు అడ్డుపలికిరి. పదునాలుగేండ్లకు పూర్వమే రఘునాథాచారిని చేర్చుకొన్న సంఘమే యిది. ఆమె 1920లో సభ్యురాలయ్యెను. అప్పటికి తండ్రి పోయి ఇరువదితొమ్మిదేండ్లు.