రెండవ మెనెలిక్

రెండవ మెనెలిక్ (1844 ఆగష్టు 17 - 1913 డిసెంబర్ 12) ఇథియోపియా చక్రవర్తి. 1865 నుండి షేవా రాజ్యానికి రాజుగానూ, 1889 నుండి మరణించేవరకు యావత్ ఇథియోపియాకు రాజాధిరాజుగానూ ఉన్నాడు. 1896లో అడువా యుద్ధంలో ఇటలీ సైన్యాన్ని ఓడించిన వీరుడుగా ఇతడు ప్రపంచ ప్రసిద్ధుడు. దేశ రాజధాని అడిస్ అబాబా ఇతని కాలంలోనే వెలసింది. ఆ నగరం కట్టెల కరువు వలన పాడుబడకుండా నిలవడానికి ఇతడు ప్రోత్సహించిన యూకలిప్టస్ తోటలు ముఖ్య కారణం.

== బాల్యము, చెర ==

మెనెలిక్ షేవా రాజ్యంలోని అంగోలాలా అనే ఊరిలో జన్మించాడు. ఇతని జ్ఞానస్నాన నామం సాహ్లె మరియమ్. తాత సాహ్లె సెలాసీ, తండ్రి హైలె మెలెకోట్ ఇద్దరూ షేవా రాజులే. 1855లో చక్రవర్తి రెండవ తెవోద్రోస్ షేవాపై దండెత్తాడు. ఆ సమయంలోనే తండ్రి మరణించగా, పదకొండేళ్ళ బాలుడిని తెవోద్రోస్ బందీగా మగ్దలా కొండకోటకు తీసుకొనిపోయాడు. చెర అయినా అతడిని రాకుమారునిగానే పెంచి, తన కుమార్తె అలితాష్‌నిచ్చి వివాహం కూడా చేశాడు. పదేళ్ళ తరువాత, 1865లో, మెనెలిక్ భార్యను అక్కడే విడిచి కోటనుండి తప్పించుకొని షేవా చేరి సింహాసనం ఎక్కాడు.

1868లో తెవోద్రోస్ మరణానంతరం, 1872లో నాల్గవ యోహన్నెస్ చక్రవర్తి అయ్యాడు. అతనితో పోరు పెట్టుకోకుండా మెనెలిక్ 1878లో సామంతునిగా ఒప్పుకొని, తన దృష్టిని దక్షిణం వైపు మళ్ళించాడు. 1883లో తైతు బెతుల్‌ను వివాహమాడాడు. ఇతని రాచకార్యాలలో ఆమె మాటకు చాలా విలువ ఉండేది. 1889 మార్చిలో మెతెమ్మా వద్ద సూడాన్ మహదీ సేనలతో జరిగిన యుద్ధంలో యోహన్నెస్ మరణించగా మెనెలిక్ చక్రవర్తి అయ్యాడు. అదే ఏడు నవంబర్ 3న ఎంతోతో కొండపై గల మరియమ్ చర్చిలో పట్టాభిషేకం జరిగింది.

ఇతని పాలన తొలి సంవత్సరాలు దుర్భరమైనవి. పశువుల ముసర వ్యాధి వలన దేశంలోని ఎద్దులు, ఆవులు చాలా భాగం చచ్చిపోయాయి. దున్నడానికి ఎద్దులు లేక, వర్షాలు లేక 1888 - 1892 మధ్య మహా క్షామం వచ్చింది. చక్రవర్తి స్వయంగా పలుగు పట్టి నేల త్రవ్వి ప్రజలకు దారి చూపాడని చెబుతారు.

== అడువా యుద్ధం ==

1889 మే 2న ఇటలీతో కుదిరిన వుచాలే ఒడంబడికలోని 17వ నిబంధన యుద్ధానికి దారి తీసింది. అమ్హారిక్ ప్రతి ప్రకారం విదేశీ వ్యవహారాలలో ఇథియోపియా కోరుకుంటే ఇటలీ సాయం తీసుకోవచ్చును. ఇటాలియన్ ప్రతి ప్రకారం తప్పనిసరిగా ఇటలీ ద్వారానే నడపాలి. అంటే ఒక్క క్రియాపదంతో దేశం ఇటలీ రక్షణలోనికి పోయినట్లయింది. మెనెలిక్ 1893లో ఈ ఒడంబడికను రద్దు చేశాడు. 1896 మార్చి 1న అడువా వద్ద జనరల్ బరతియేరి సేన చిత్తుగా ఓడిపోయింది. అదే ఏడు అక్టోబర్‌లో జరిగిన సంధిలో ఇటలీ ఇథియోపియా స్వాతంత్ర్యాన్ని గుర్తించింది.

== రాజధాని, వంటచెరకు ==

షేవా రాజులకు స్థిరమైన రాజధాని ఉండేది కాదు. రాజు వెంట సైన్యం, పరివారం కలిపి వేలమంది ఒకచోట దిగేవారు. కొన్ని సంవత్సరాలలో చుట్టుపట్ల అడవి అంతా పొయ్యిలోకి పోయేది. అప్పుడు రాజు మరొక చోటికి తరలేవాడు. అంకోబర్, లిచే, ఎంతోతో అన్నీ ఇలా కొంతకాలం వెలిగి వెలవెలపోయినవే.

ఎంతోతో సముద్రమట్టానికి దాదాపు 3,000 మీటర్ల ఎత్తున ఉన్న కొండ. చలి, ఈదురుగాలి ఎక్కువ. నీటికీ కట్టెలకూ ఇబ్బంది. కొండ దిగువన ఫిల్వోహా అనే చోట వేడినీటి ఊటలు ఉన్నాయి. 1886లో తైతు అక్కడ ఇల్లు కట్టించుకొని ఆ చోటికి అడిస్ అబాబా, అనగా క్రొత్త పువ్వు, అని పేరు పెట్టింది. ఆ నేలలో అంతకుముందు ఒరోమో ప్రజలు ఉండేవారు. వారు ఆ చోటిని ఫిన్‌ఫినె అంటారు.

క్రొత్త ఊరు కూడా 2,300 మీటర్లకు పైగా ఎత్తున ఉన్నందున రాత్రులు చలిగా ఉంటాయి. వంటకు, చలిమంటకు, ఇళ్ళ దూలాలకు అన్నిటికీ కట్టె కావాలి. అక్కడి ప్రజల ముఖ్య ఆహారమైన ఇంజెరా, పులియబెట్టిన టెఫ్ పిండితో పెద్ద మట్టి పెనం మీద వేసే అట్టు. పెనం అంతా ఒకేలా కాగాలి కనుక దీనికి మంట బాగా ఖర్చవుతుంది. దేశీయమైన జూనిపర్, అడవి ఆలివ్ చెట్లు నరికితే మళ్ళీ ఎదగడానికి దశాబ్దాలు పడుతుంది. అందుచేత పదిహేనేళ్ళు తిరగకుండానే కట్టెలను చాలా దూరం నుండి మోసుకొని రావలసి వచ్చింది. 1900 ప్రాంతంలో మెనెలిక్ పడమరగా సుమారు 50 కిలోమీటర్ల దూరంలో అడిస్ అలెమ్ (క్రొత్త లోకం) అనే చోట మరొక రాజధానిని కట్టించడం మొదలుపెట్టాడు. అది పూర్తయి ఉంటే అడిస్ అబాబా కూడా పాత విడిదుల జాబితాలో చేరిపోయేది. అడువా విజయం తరువాత ఆ ఊరిలో భవనాలు కట్టుకొన్న విదేశీ రాయబారులకు ఈ మార్పు రుచించలేదు.

ఈలోగా 1890 దశకం మధ్యలో ఆస్ట్రేలియా చెట్టు యూకలిప్టస్ అక్కడికి చేరింది. దీనిని తెప్పించినది ఫ్రెంచి దేశస్థుడు మోండన్-విడైలే అని కొందరు, చక్రవర్తి సలహాదారైన స్విస్ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ ఇల్గ్ అని కొందరు వ్రాశారు. ఎవరు తెచ్చినా, దానిని ఊరంతా నాటించినది మెనెలిక్. నారు చవకగా ఇప్పించి, చెట్లు నాటిన భూమికి పన్ను మినహాయించాడు. చలి ప్రదేశానికి బాగా నప్పినది నీలి గమ్ రకం. మన నీలగిరి కొండలలో 1840 దశకం నుండి పెంచుతున్నదీ, తెలుగులో నీలగిరి తైలం అనే మాటకు కారణమైనదీ ఈ రకమే. అక్కడ కూడా కొండమీది చలికి వంటచెరకు కోసమే దీనిని విస్తారంగా నాటారు.

ఈ చెట్టు గుణాలు అడిస్ అబాబా అవసరానికి సరిగ్గా సరిపోయాయి. కొద్ది సంవత్సరాలలోనే నరకడానికి వస్తుంది. ఆకు ఘాటు వలన పశువులు మేయవు కాబట్టి కంచె అక్కరలేదు. నరికిన మోడు నుండి పిలకలు లేచి మళ్ళీ మ్రానులవుతాయి, కనుక ఒకసారి నాటితే అనేక కోతలు వస్తాయి. తైలం గల ఎండుటాకు ఇంజెరా పెనం క్రింద చక్కగా మండుతుంది. ప్రజలు దీనికి బాహిర్ జాఫ్, అనగా సముద్రం దాటి వచ్చిన చెట్టు, అని పేరు పెట్టారు. కొద్ది సంవత్సరాలలోనే ఊరు తోటల మధ్య కనిపించసాగింది. రాజధాని మార్పు ఆలోచన విరమించబడింది. అడిస్ అలెమ్‌లో కట్టిన రాజభవనాన్ని చర్చిగా మార్చారు.

== సంస్కరణలు, చివరి దినాలు ==

జిబూతి రైలుమార్గానికి 1894లో అనుమతి ఇచ్చినదీ, 1905లో బ్యాంకును, 1908లో ఆధునిక పాఠశాలను నెలకొల్పినదీ మెనెలిక్‌యే. 1907లో తొలి మంత్రివర్గాన్ని ఏర్పరచాడు. రైలు అడిస్ అబాబా చేరినది మాత్రం 1917లో, అతని మరణానంతరం. 1906 నుండి పక్షవాతం పదేపదే రావడంతో 1909 తరువాత మాట, కదలిక పోయి పేరుకు మాత్రమే చక్రవర్తిగా మిగిలాడు. మనుమడు లిజ్ ఇయాసు వారసుడయ్యాడు. మెనెలిక్ సమాధి అడిస్ అబాబాలోని బెయాతా మరియమ్ చర్చిలో ఉంది.

== భిన్నాభిప్రాయాలు ==

ఇతని పేరు అందరికీ ఒకేలా ప్రియమైనది కాదు. 1894లో వొలాయితా, 1897లో కఫా రాజ్యాలను జయించినపుడు ఎందరో మరణించారు, ఎందరో బానిసలయ్యారు. ఓడిన ప్రాంతాల రైతులు సైనికులకు వెట్టి చేయవలసి వచ్చింది. ఒరోమోలలో చాలామంది ఇతనిని విజేతగా కాక ఆక్రమణదారుగా చూస్తారు. వీరిని పక్కనబెట్టి మెనెలిక్ చరిత్ర వ్రాయడం సరికాదు.

చెట్టు పైనా ఫిర్యాదులు ఉన్నాయి. ఇది నీటిని అధికంగా పీలుస్తుందనీ, దీని నీడన పంటలూ గడ్డీ సరిగా పెరగవనీ విమర్శ. అయినా ఎంతోతో కొండమీది యూకలిప్టస్ తోటలనుండి తమ బరువులో సగానికి మించిన కట్టెల మోపులు వీపున మోస్తూ స్త్రీలు నగరానికి దిగడం మెనెలిక్ పోయి ఎన్నో దశాబ్దాలు గడిచినా సాగింది.