మతిమరపు జబ్బును గుర్తించిన వైద్యుడు అల్జీమర్

ముసలితనంలో మతిమరపు మామూలేనని మన ఊళ్లలో అనుకుంటారు. మరీ ఎక్కువైతే గాలి సోకిందంటారు, పిచ్చి పట్టిందంటారు. అది మెదడుకు వచ్చే జబ్బు కావచ్చునని చూపించిన వైద్యుడు అలోయిస్ అల్జీమర్. ఆయన గురించి మేము తెలుసుకున్న విషయాలు మీతో పంచుకుంటున్నాము.

అల్జీమర్ 1864 జూన్ 14న జర్మనీలోని మార్క్‌ట్‌బ్రైట్ అనే చిన్న ఊరిలో జన్మించారు. 1887లో వైద్యపట్టా పొంది, మరుసటి ఏడాది ఫ్రాంక్‌ఫర్ట్ మానసిక చికిత్సాలయంలో చేరారు. పగలు రోగులను చూసేవారు. మిగిలిన సమయంలో మిత్రుడు ఫ్రాంజ్ నిస్ల్‌తో కలిసి మైక్రోస్కోపులో మెదడు కణాలను పరిశీలించేవారు.

1901లో భార్య చనిపోయి, ముగ్గురు పిల్లల భారం ఆయన మీద పడింది. ఆ ఏడాది నవంబరులోనే ఆగస్టే అనే 51 ఏళ్ల రోగి ఆసుపత్రికి వచ్చింది. పెన్సిలు, తాళంచెవి చూపిస్తే పేర్లు చెప్పేది. కాసేపటికి ఏం చూపించారో మరిచిపోయేది. అల్జీమర్ ఓపికగా పక్కన కూర్చుని ఆమె చెప్పిందంతా రాసుకున్నారు.

1906లో ఆమె మరణించింది. అప్పటికి మ్యూనిక్‌లో ఉన్న ఆయన ఆమె మెదడును తెప్పించి పరీక్షించారు. కణాల మధ్య గడ్డలు, కణాల లోపల చిక్కుపడ్డ పోగులు కనిపించాయి. చుట్టూ ఉండే గ్లియా కణాలు కూడా మారిపోయాయని గమనించారు. ఆ నవంబరులో ట్యూబింగెన్ సభలో ఈ సంగతి చెబితే ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1910లో ఆయన గురువు క్రెపెలిన్ ఆ జబ్బుకు అల్జీమర్ పేరే పెట్టారు. 1915 డిసెంబరు 19న, 51వ ఏట ఆయన కన్నుమూశారు.

గ్లియాలో ఒక రకమైన మైక్రోగ్లియాను 1919లో స్పెయిన్ శాస్త్రవేత్త రియో ఒర్తేగా విడిగా గుర్తించారు. ఇవి మెదడుకు కాపలా కాసే రోగనిరోధక కణాలు. చెత్తను, చచ్చిన కణాలను శుభ్రం చేస్తాయి. కానీ ఏళ్ల తరబడి వాపు కొనసాగితే, జ్ఞాపకాలకు ఆధారమైన నరాల కలయికలను కూడా ఇవే దెబ్బతీస్తాయి. ఈ కణాల్లో పనిచేసే ట్రెమ్2 అనే జన్యువులో కొన్ని మార్పులుంటే అల్జీమర్ వ్యాధి ముప్పు పెరుగుతుందని 2013లో తేలింది. అంటే కాపలాదారు సరిగా పనిచేయకపోయినా, అతిగా పనిచేసినా జ్ఞాపకశక్తికి నష్టమే.

ఈ జబ్బును పూర్తిగా నయం చేసే మందు ఇంకా లేదు. అయితే బి12 లోపం, థైరాయిడ్ వంటి కారణాలతో వచ్చే మతిమరపు చికిత్సతో తగ్గవచ్చు. కాబట్టి మిత్రులారా, సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు అడిగిందే అడిగే నాయనమ్మను విసుక్కోవద్దు. భూతవైద్యుడి దగ్గరకు కాదు, డాక్టరు దగ్గరకు తీసుకువెళదాం. అల్జీమర్ లాగా పక్కన కూర్చుని, ఓపికగా విందాం.