విజ్ఞానగురువు ఫాదర్ లాఫోంట్

విద్య అంటే గ్రంథాలలోని విషయాలను కంఠస్థం చేయడమేనని భావించిన కాలం ఒకటి ఉండేది. పందొమ్మిదవ శతాబ్దపు నడుమ మన దేశంలో విశ్వవిద్యాలయాలు వెలసినా, వాటి పరీక్షలలో సాహిత్యానికి, తర్కానికి ఉన్న గౌరవం ప్రకృతి శాస్త్రాలకు లేదు. విద్యుత్తును గురించి పుటలకు పుటలు అప్పగించగల విద్యార్థి, విద్యుత్తు పుట్టే తీరును ఒక్కసారైనా కన్నులారా చూసి ఉండేవాడు కాదు. అటువంటి రోజులలో ఒక క్రైస్తవ విద్యాలయంలో ప్రయోగశాలను నెలకొల్పి, శాస్త్రాన్ని పుటల నుండి విద్యార్థుల కళ్ల ముందుకు తెచ్చిన మహోపాధ్యాయుడు ఫాదర్ యూజీన్ లాఫోంట్.

లాఫోంట్ 1837 మార్చి 26న బెల్జియం దేశంలోని మోన్స్ నగరంలో జన్మించాడు. పదిహేడేళ్ల వయసులో, 1854లో, జెస్యూట్ సభలో చేరి సన్యాస జీవితాన్ని స్వీకరించాడు. దైవచింతనతోపాటు ప్రకృతి శాస్త్రాల పట్ల కూడ ఆయనకు చిన్ననాటి నుండే మక్కువ ఎక్కువ. తత్త్వశాస్త్రాన్ని, ప్రకృతి శాస్త్రాలను స్వదేశంలోనే అభ్యసించాడు. బెల్జియం జెస్యూట్లు 1860లో కలకత్తా నగరంలో సెయింట్ జేవియర్స్ కళాశాలను స్థాపించారు. పాఠశాల, కళాశాల ఒకే ప్రాంగణంలో నడిచే ఆ సంస్థకు విజ్ఞానశాస్త్రం బోధించగల అధ్యాపకుడు కావలసి వచ్చాడు. ఆ బాధ్యతను స్వీకరించి, 1865 డిసెంబరులో లాఫోంట్ కలకత్తా చేరుకున్నాడు. అప్పటికి ఆయన వయస్సు ఇరవై ఎనిమిదేళ్లు.

వచ్చిన వెంటనే ఆయన చేపట్టిన పని ప్రయోగశాలను సమకూర్చడం. కావలసిన పరికరాలు ఐరోపా నుండి ఓడలలో రావాలి. వాటికి ధనం కావాలి. లాఫోంట్ దాతలను ఆశ్రయించాడు. నగర ప్రజల కోసం బహిరంగ ప్రయోగ ప్రదర్శనలు ఏర్పాటు చేశాడు. ఒక్కొక్క పరికరాన్నే సమకూర్చుకుంటూ, భౌతికశాస్త్ర బోధనకు ఆ విద్యాలయాన్ని ప్రసిద్ధమైన కేంద్రంగా తీర్చిదిద్దాడు. ఆయన తరగతిలో సూత్రం చెప్పడంతో పాఠం ముగిసేది కాదు. ఆ సూత్రం ఎలా పనిచేస్తుందో విద్యార్థి స్వయంగా చూచిన తరువాతనే ముగిసేది.

శాస్త్రం తరగతి గదికే పరిమితం కాదనడానికి రెండేళ్లలోనే నిదర్శనం లభించింది. లాఫోంట్ విద్యాలయం డాబాపై ఒక చిన్న వాతావరణ పరిశీలన కేంద్రాన్ని ఏర్పరచి, ప్రతిదినం వాయుపీడనాన్ని, గాలి తీరును నమోదు చేసేవాడు. 1867 నవంబరులో ఆ పరికరాలలోని మార్పులను గమనించి, పెను తుఫాను రాబోతున్నదని గ్రహించి అధికారులను ముందుగా హెచ్చరించాడు. ఆ హెచ్చరిక వలన తగిన జాగ్రత్తలు తీసుకొనడానికి వీలై, ఎందరో ప్రాణాపాయం నుండి బయటపడ్డారు. అటుపిమ్మట ఆయన పరిశీలనలు పత్రికలో క్రమంగా వెలువడసాగాయి.

1874 డిసెంబరులో శుక్రగ్రహం సూర్యబింబం మీదుగా సాగిపోయే అరుదైన దృశ్యాన్ని పరిశీలించడానికి ఇటలీ ఖగోళశాస్త్రజ్ఞుడు టాకినీ తన బృందంతో భారతదేశానికి వచ్చాడు. లాఫోంట్ ఆ బృందంతో కలిసి పనిచేశాడు. ఆ అనుభవం ఇచ్చిన ప్రేరణతో తన విద్యాలయంలోనే ఒక వేధశాలను నిర్మింపజేశాడు.

ఆయన శిష్యులలో అగ్రగణ్యుడు జగదీశ్ చంద్ర బోసు. గ్రామంలోని బెంగాలీ బడిలో అక్షరాలు దిద్దుకున్న ఆ బాలుడు సెయింట్ జేవియర్స్ పాఠశాలలో చేరినప్పుడు, ఆంగ్లం ధారాళంగా మాట్లాడే నగర బాలుర మధ్య ఒంటరితనాన్ని అనుభవించాడు. కళాశాల చదువులో అతనికి లాఫోంట్ గురువుగా లభించాడు. ప్రకృతి రహస్యాలను ఓర్పుతో ప్రశ్నించడం, కనిపించని సత్యాన్ని కనిపించే ప్రయోగంగా మలచడం బోసు ఆయన వద్దనే నేర్చుకున్నాడు. 1880లో ఇంగ్లండు వెళ్లి, 1885లో కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాల ఆచార్యుడై తిరిగివచ్చిన బోసు, 1895లో విద్యుదయస్కాంత తరంగాలను గోడల గుండా పంపి దూరంగా ఉన్న గంటను మ్రోగించి నగరవాసులను ఆశ్చర్యపరిచాడు. మార్కోనీ పేరు ప్రపంచమంతటా మారుమ్రోగుతున్న వేళ, 1897లో లాఫోంట్ నిస్తంత్రీ ప్రసారాన్ని బహిరంగంగా ప్రదర్శించి, ఈ రంగంలో తన శిష్యుడే ముందున్నాడని సభాముఖంగా చాటాడు. శిష్యుని ఘనతను లోకానికి తెలియజేయడం గురువు ధర్మమని ఆయన ఆచరణలో చూపాడు.

లాఫోంట్ జీవితంలోని మరొక మహత్తర ఘట్టం డాక్టర్ మహేంద్రలాల్ సర్కార్‌తో ఆయనకు కలిగిన మైత్రి. ఒకరు విదేశీ క్రైస్తవ సన్యాసి, మరొకరు బెంగాలీ వైద్యుడు. మతం వేరైనా, భాష వేరైనా వారి ఆశయం ఒక్కటే. భారతీయులు స్వయంగా నడుపుకొనే పరిశోధన సంస్థ ఒకటి కావాలని సర్కార్ తలపెట్టాడు. ఆనాటి ప్రముఖులలో కొందరు ఆ ఆలోచనను వ్యతిరేకించారు. ఈ దేశ యువకులకు ముందు కావలసింది చేతివృత్తులు, సాంకేతిక శిక్షణ మాత్రమేనని వారు వాదించారు. ఆ వాదంలో జీవనోపాధిని గురించిన చింత లేకపోలేదు. అయినా లాఫోంట్ దానితో ఏకీభవించలేదు. ఇతరులు కనిపెట్టిన యంత్రాలను నడపడంతోనే భారతీయులు తృప్తి పడరాదనీ, కొత్త సత్యాలను కనుగొనే శక్తి, హక్కు వారికీ ఉన్నాయనీ ఆయన విశ్వాసం. ఆయన అండతో 1876 జులై 29న కలకత్తా బౌబజారు వీధిలో భారత వైజ్ఞానికాభివృద్ధి సంఘం ప్రారంభమైంది. ఆ సంఘంలో లాఫోంట్ ఎన్నో సంవత్సరాలపాటు వేతనం ఆశించకుండా ఉపన్యాసాలిచ్చాడు. శబ్దాన్ని బంధించి మరల వినిపించే ఫోనోగ్రాఫు మొదలైన కొత్త సాధనాలను నగర ప్రజలకు చూపి వివరించాడు.

ఆయన సేవలకు గుర్తింపుగా 1880లో ప్రభుత్వం సి.ఐ.ఇ. బిరుదునిచ్చింది. కలకత్తా విశ్వవిద్యాలయ వ్యవహారాలలో పాల్గొని, పాఠ్యక్రమంలో ప్రయోగ శాస్త్రాలకు తగిన స్థానం కోసం పాటుపడ్డాడు. అయితే సంఘం ఆశించిన ఫలితం మాత్రం వెంటనే అందలేదు. ఉపన్యాసాలకు శ్రోతలు వచ్చేవారు. కాని జీవితాన్ని పరిశోధనకు అంకితం చేసే యువకులు కరువయ్యారు. తన ఆశయం నెరవేరలేదన్న వేదనతోనే సర్కార్ 1904లో కన్నుమూశాడు. 1908లో కలకత్తా విశ్వవిద్యాలయం లాఫోంట్‌ను గౌరవ డాక్టరేటుతో సత్కరించింది. ఆ సంవత్సరమే మే 10న ఆయన డార్జిలింగులో పరమపదించాడు.

అప్పటికే, అంటే 1907లోనే, ఒక యువకుడు బౌబజారు వీధిలోని ఆ సంఘం తలుపు తట్టాడు. ఆయన ఆర్థిక శాఖలో ఉద్యోగిగా కలకత్తా వచ్చిన చంద్రశేఖర వేంకట రామన్. రామన్ బాల్యం మన విశాఖపట్నంలో గడిచింది. ఆయన చదివిన సెయింట్ అలోషియస్ ఉన్నత పాఠశాల కూడ క్రైస్తవ మిషనరీలు నెలకొల్పినదే. పగలు ఉద్యోగం చేస్తూ, ఉదయం, సాయంత్రం ఆ సంఘపు ప్రయోగశాలలో రామన్ పరిశోధనలు సాగించాడు. 1928 ఫిబ్రవరి 28న అక్కడే రామన్ ఫలితం వెలుగు చూసింది. 1930లో దానికి నోబెల్ బహుమతి లభించింది. సర్కార్, లాఫోంట్ కన్న కల ఆ విధంగా వారి మరణానంతరం సఫలమైంది.

లాఫోంట్ పేరుతో చెప్పుకోదగిన శాస్త్ర నియమమేదీ లేదు. ఆయన పరిశోధకుడిగా కంటె బోధకుడిగానే జీవించాడు. కాని ఆయన తరగతి గదిలో కూర్చున్న బాలుడు జగద్విఖ్యాతుడయ్యాడు. ఆయన నిలబెట్టిన సంస్థలో పనిచేసిన యువకుడు దేశానికి నోబెల్ బహుమతి తెచ్చాడు. మామిడి టెంక నాటినవాడు దాని పండు తినగలనా అని ఆలోచిస్తూ కూర్చోడు. తాను చూడని ఫలం కోసం నలభై ఏళ్లకు పైగా పరాయిదేశంలో శ్రమించిన లాఫోంట్ జీవితం ఉపాధ్యాయులకు, విద్యార్థులకు కూడ చిరస్మరణీయం.