డిగ్రీ ఆగింది.. పని ఆగలేదు!

మీలో గోల్ఫ్ ఆడినవాళ్లు ఎంతమంది? చేతులు పెద్దగా లేవవని తెలుసు. తెనాలిలో క్రికెట్ బ్యాట్ లేని వీధి ఉండదు కానీ, గోల్ఫ్ కర్రను మనం చూసేది సినిమాలోనే. అదీ హీరోయిన్ వాళ్ల నాన్న చేతిలోనో, విలన్ చేతిలోనో. బాపట్లలో ఇంజినీరింగ్ చదివిన నాలుగేళ్లూ నాదీ అదే పరిస్థితి. తర్వాత హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చింది. ఆఫీసువాళ్లు పిలిస్తే ఊరికే చూద్దామని గోల్ఫ్ ప్రాక్టీస్ రేంజ్‌కి వెళ్లాను. అదిగో, అక్కడ అంటుకుంది పిచ్చి. ఆట ఇప్పటికీ అంతంతమాత్రమే. కానీ తెనాలిలో మా ఇంట్లో బీరువా వెనక అయిదు పుట్టర్లు చేరాయి. అన్నీ సెకండ్ హ్యాండే. ఈ ఇనప కర్రలతో ఏం చేస్తావని అమ్మ పండక్కొకసారి అడుగుతూనే ఉంటుంది.

కిందటి సంక్రాంతికి రేపల్లె నుంచి మా పిన్ని కొడుకు వచ్చాడు. బీటెక్ మూడో ఏడాదిలో ఇంట్లో ఇబ్బందులు వచ్చి చదువు మానేశాడు. చుట్టాలెవరైనా అడిగితే మాత్రం ఇంకా చదువుతున్నాననే చెబుతాడు. ఆ రెండున్నరేళ్లను రెజ్యూమేలో ఏమని రాయాలో చెప్పమన్నాడు. నిజం చెప్పాలంటే నా దగ్గర జవాబు లేదు. బీరువా వెనక నుంచి ఒక పుట్టర్ తీసి వాడి చేతిలో పెట్టాను. దాన్ని కనిపెట్టిన మనిషి గురించి ఆ రాత్రి వాడికి ఏం చెప్పానో, అదే మీకూ చెబుతున్నాను.

ఆయన పేరు కార్‌స్టెన్ సోల్‌హైమ్. 1911లో నార్వేలోని బెర్గెన్‌లో పుట్టారు. పసివాడిగా ఉన్నప్పుడే కుటుంబం అమెరికా వెళ్లి సియాటిల్‌లో స్థిరపడింది. తండ్రిది చెప్పులు కుట్టే పని, చిన్న షాపు. కార్‌స్టెన్‌కి ఇంజినీర్ కావాలని కోరిక. యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్‌లో మెకానికల్ ఇంజినీరింగ్‌లో చేరారు. అవి అమెరికాను మహా మాంద్యం కుదిపేస్తున్న రోజులు. ఒక ఏడాది గడిచేసరికి ఫీజు కట్టే దారి లేక చదువు ఆగిపోయింది. మళ్లీ చెప్పుల షాపుకే వచ్చారు.

ఇక్కడ కాస్త ఆగండి. ఇలాంటి కథల్లో ఈ పాయింట్ దగ్గర ఒక మెరుపు మెరిసి జీవితం మారిపోతుంది కదా! సోల్‌హైమ్ విషయంలో అలాంటిదేం జరగలేదు. ఏళ్ల తరబడి చెప్పులు బాగుచేశారు. 1936లో లూయిస్‌ను పెళ్లి చేసుకున్నారు. నలుగురు పిల్లలు. మధ్యలో కొన్నాళ్లు ఇంటింటికీ తిరిగి వంటసామాన్లు అమ్మారు. తలుపు కొట్టి, గిన్నె చూపించి, వద్దంటే పక్కింటికి వెళ్లడం. ఆ పనిలో గట్టివాడే అనిపించుకున్నారు. వీలున్నప్పుడల్లా ఎక్స్‌టెన్షన్ కోర్సుల ద్వారా ఇంజినీరింగ్ పాఠాలు మళ్లీ చదివేవారు. మన భాషలో చెప్పాలంటే దూరవిద్య.

రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. విమానాల కంపెనీలకు ఇంజినీర్లు చాలడం లేదు. పట్టా ఉందా లేదా అని చూసే తీరిక ఎవరికీ లేదు, పని వచ్చా రాదా అనేదే లెక్క. అలా శాన్ డియేగోలోని ర్యాన్ ఏరోనాటికల్‌లో చేరి ఫైర్‌బాల్ అనే యుద్ధవిమానం మీద పనిచేశారు. ముందు ప్రొపెల్లర్, వెనక జెట్ ఇంజిన్ రెండూ ఉన్న విమానం అది. తర్వాత కాన్వేర్‌లో అట్లాస్ క్షిపణి ప్రాజెక్టు. 1953లో జనరల్ ఎలక్ట్రిక్, అంటే జీఈ.

మా తమ్ముడికి ఈ ముక్క చెప్పగానే వాడి మొహం వెలిగింది. డిగ్రీ అక్కర్లేదన్నమాట అనుకున్నాడు. అలా అనుకోవద్దని వాడికి గట్టిగానే చెప్పాను, మీకూ చెబుతున్నాను. యుద్ధం తెరిచిన తలుపు అది. ఇవాళ చాలా కంపెనీల్లో మీ అప్లికేషన్‌ను ముందు చూసేది సాఫ్ట్‌వేర్. పట్టా గడి ఖాళీగా ఉంటే మనిషి కంటబడకముందే పక్కకు పోవచ్చు. వీలుంటే చదువు పూర్తి చేయడమే మంచిది. సోల్‌హైమ్ కథను నేను చెబుతున్నది వేరే కారణానికి. చెప్పుల షాపులో కూర్చున్నా, గిన్నెలు అమ్మినా ఆయన ఇంజినీర్‌లా ఆలోచించడం మానలేదు. ఆ అలవాటు ఎంత దూరం తీసుకెళ్లిందో చూడండి.

1954లో జీఈ సహోద్యోగులు ఆయన్ని గోల్ఫ్‌కు లాక్కెళ్లారు. అప్పటికి ఆయన వయసు 42. దూరంగా కొట్టే షాట్లు త్వరగానే పట్టుబడ్డాయి. గ్రీన్ మీదకు వచ్చేసరికి మాత్రం పరువు పోయేది. గ్రీన్ అంటే హోల్ చుట్టూ పచ్చికను చాపలా కత్తిరించిన చోటు. అక్కడ బంతిని నెమ్మదిగా దొర్లించి, నాలుగుంపావు అంగుళాల వెడల్పున్న రంధ్రంలో వేయాలి. అందుకు వాడే కర్రే పుట్టర్. మామూలు లెక్కలో 18 హోల్స్‌కి 72 దెబ్బలైతే, అందులో హోల్‌కి రెండు చొప్పున 36 పుట్టర్‌తో కొట్టేవే. అంటే సగం ఆట దాని మీదే.

పుట్ తప్పితే ఆటగాళ్లు ఏం చేస్తారు? తమను తామే తిట్టుకుంటారు. నేనూ అంతే. సోల్‌హైమ్ మాత్రం చేతిలో ఉన్న వస్తువును అనుమానించారు. అప్పటి పుట్టర్లలో ఎక్కువ భాగం పలచటి బ్లేడులా ఉండేవి. బంతి సరిగ్గా మధ్యలో తగిలితే ఫర్వాలేదు. అర అంగుళం పక్కకు తగిలిందా, తల మెలి తిరిగి బంతి దారి తప్పేది.

దీనికి ఆయన కనిపెట్టిన ఉపాయం మన ఊళ్లల్లో తాతల నాటి నుంచీ ఉన్నదే. కావడిని గుర్తు తెచ్చుకోండి. రెండు చివరలా నిండు కుండలున్న కావడిని గిరుక్కున తిప్పడం కష్టం. అదే బరువును మధ్యలో కడితే వేలితో తిప్పేయొచ్చు. ఫిజిక్స్‌లో మనం సూత్రం బట్టీపట్టి, పరీక్ష రాసి మరిచిపోయిన మూమెంట్ ఆఫ్ ఇనర్షియా ఇదే. సోల్‌హైమ్ పుట్టర్ తల మధ్యలో లోహం తగ్గించి, బరువును మడమ వైపుకీ కొన వైపుకీ నెట్టారు. బంతి కాస్త అటూ ఇటూ తగిలినా తల అంతగా తిరగదు. అంతే విషయం. 42 ఏళ్లకు ఆట నేర్చుకున్న మనిషికి అది తట్టింది.

1959లో కాలిఫోర్నియాలోని రెడ్‌వుడ్ సిటీలో సొంత ఇంటి గ్యారేజీలో మొదటి పుట్టర్ తయారైంది. బంతిని కొడితే అది ట్యూనింగ్ ఫోర్క్‌లా పింగ్‌మని మోగింది. పేరు అదే పెట్టేశారు. పగలు జీఈలో ఉద్యోగం, రాత్రి గ్యారేజీలో లోహం కోయడం. పిల్లలూ పనిలో చేయి వేసేవారు. తర్వాత కంపెనీని నడిపిన కొడుకు జాన్ చిన్నప్పుడు ఆ గ్యారేజీలో పని నేర్చుకున్నవాడే.

వ్యాపారం పెట్టాలన్న పట్టుదల వెనక ఇంకో ముచ్చట చెబుతారు. జీఈలో ఉండగా పోర్టబుల్ టీవీకి కుందేలు చెవుల్లాంటి యాంటెన్నాను ఆయన రూపొందించారు. మీ తాతయ్యనడిగితే చెబుతారు, టీవీ నెత్తిన రెండు పుల్లలు నిలబెట్టి అటూ ఇటూ తిప్పేవాళ్లం. కంపెనీ దాన్ని పట్టించుకోలేదు. ఇంకో తయారీదారు చేసి లక్షల్లో అమ్ముకున్నాడు. సోల్‌హైమ్‌కు దక్కింది బంగారు పూత వేసిన యాంటెన్నా ఒకటి, జ్ఞాపికగా. ఈ బంగారు పూతను గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

1961లో జీఈ పని మీదే అరిజోనాలోని ఫీనిక్స్‌కు మకాం మారింది. పుట్టర్ల తయారీ ఆగలేదు. టోర్నమెంట్లు జరిగేచోటికి వెళ్లి, ప్రాక్టీస్ గ్రీన్ దగ్గర నిలబడి ప్రొఫెషనల్ ఆటగాళ్లకు చూపించేవారు. ఆ వింత ఆకారాన్ని, ఆ శబ్దాన్ని చూసి నవ్వినవాళ్లే ఎక్కువ. ఒకప్పుడు తలుపులు కొట్టి గిన్నెలు అమ్మిన అనుభవం అక్కడ పనికొచ్చిందని నా నమ్మకం. నవ్వితే నొచ్చుకుని ఇంటికొచ్చేసే మనిషైతే పింగ్ గ్యారేజీలోనే ఉండిపోయేది.

1962లో కేజన్ క్లాసిక్ అనే టోర్నీని జాన్ బార్నమ్ పింగ్ పుట్టర్‌తో గెలిచారు. పెద్ద టూర్‌లో ఆ పుట్టర్‌కు అదే మొదటి విజయం. బార్నమ్‌కూ అదే తొలి టైటిల్. అప్పటికి ఆయన వయసు 51. పుట్టర్ తయారు చేసిన సోల్‌హైమ్‌దీ 51.

ఇక అసలు వస్తువు దగ్గరికి వద్దాం. 1966 జనవరిలో ఒక సాయంత్రం సోల్‌హైమ్‌కు కొత్త ఆకారం తట్టింది. దగ్గర్లో కాగితం లేక గ్రామఫోన్ రికార్డు కవరు మీద గీశారు. పేరు ఏం పెట్టాలని ఆలోచిస్తుంటే భార్య ఆన్సర్ అని సూచించారు. అంత పొడుగు పేరు తల మీద పట్టదంటే, స్పెల్లింగ్‌లో డబ్ల్యూ తీసేయమన్నదీ ఆవిడే. 1967లో పేటెంట్ వచ్చింది. అదే ఏడాది జూలియస్ బోరోస్ ఫీనిక్స్ ఓపెన్‌ను ఆన్సర్‌తో గెలిచారు. ఆర్డర్లు పెరిగాయి. అప్పుడు, అంటే 55 ఏళ్ల వయసులో, సోల్‌హైమ్ జీఈకి రాజీనామా చేశారు. గమనించారా? గ్యారేజీలో మొదటి పుట్టర్ చేశాక ఎనిమిదేళ్లు జీతం వదల్లేదు. స్టార్టప్ అనగానే ముందు ఉద్యోగం మానేయాలని ఉపన్యాసాలిచ్చేవాళ్లు ఈ ఎనిమిదేళ్ల గురించి చెప్పరు.

రెండేళ్లకు, 1969లో, జార్జ్ ఆర్చర్ మాస్టర్స్ గెలిచినప్పుడూ చేతిలో పింగే. అప్పటి అమెరికా చట్టం ప్రకారం పేటెంట్ 17 ఏళ్లు. అది ముగిశాక ఆన్సర్ ఆకారాన్ని ఎవరు పడితే వాళ్లు చేసుకున్నారు. టైగర్ వుడ్స్ 1994 నుంచి వరసగా మూడు యూఎస్ అమెచ్యూర్ టైటిళ్లు గెలిచింది ఆన్సర్ 2తో. తర్వాత ఆయన చేతిలో ప్రసిద్ధికెక్కిన వేరే కంపెనీ పుట్టర్‌నూ పక్కన పెట్టి చూడండి, పోలిక ఇట్టే తెలిసిపోతుంది.

ఈ మాట నేను చేత్తో పట్టుకునే చెబుతున్నాను. నా అయిదింటిలో ఒకటి పాత బ్లేడు, మూడు వేర్వేరు కంపెనీలవి, ఒకటి పింగ్. ఆ మూడూ ఆన్సర్ పిల్లలే. పుట్టర్లను పోల్చడానికి ల్యాబ్ అక్కర్లేదు. షాఫ్ట్‌ను వేలి మీద అడ్డంగా నిలబెట్టండి. తల కొన ఎంత కిందకు వాలుతుందో చూస్తే దాని స్వభావం సగం తెలుస్తుంది. తర్వాత ముఖం మీద రూపాయి బిళ్లతో అక్కడక్కడా తట్టండి. బ్లేడు మధ్యలోంచి జరగ్గానే చేతిలో వణుకుతుంది. ఆన్సర్‌లో ఆ మెలి బాగా తక్కువ. ఇంకొకటి, షాఫ్ట్ తలను కలిసే చోట మెడ పైపు వంపులా ఉంటుంది. దానివల్ల షాఫ్ట్ ముఖం కన్నా కాస్త ముందుకొస్తుంది. సేకరించేవాళ్లు తల మీది ముద్ర కూడా చూస్తారు. తొలి రోజుల్లో స్కాట్స్‌డేల్ అని ఊరి పేరు ఉండేది, వాటికి గిరాకీ ఎక్కువ. నా దానిమీద ఉన్నది ఫీనిక్స్. స్కాట్స్‌డేల్ ముద్ర కొనే స్తోమత ఇంకా రాలేదు.

సోల్‌హైమ్ పుట్టర్ దగ్గర ఆగలేదు. మిగతా కర్రల్లోనూ బరువును అంచులకు నెట్టారు. మనిషి ఎత్తును, మణికట్టు నుంచి నేల దాకా దూరాన్ని కొలిచి, ఎవరికి ఏ కోణం సరిపోతుందో రంగు చుక్కలతో గుర్తుపెట్టే పద్ధతి తెచ్చారు. చెప్పుల షాపులో పాదం కొలత తీసుకోకుండా జోడు కుట్టరు కదా!

మొండితనమూ తక్కువేం కాదు. ఐ2 అనే కర్రల మీది గాడుల విషయంలో అమెరికా గోల్ఫ్ నియంత్రణ సంస్థ అభ్యంతరం చెబితే, 1989లో ఏకంగా పది కోట్ల డాలర్లకు కోర్టుకెక్కారు. 1990లో రాజీ కుదిరింది. అప్పటికే అమ్ముడైన కర్రల్ని ఆడుకోనిచ్చారు. ఈ పోరాటం అంతా అవసరమేనా అంటే నాకు అనుమానమే, గాడుల మధ్య దూరం కొలత మీద పట్టుబట్టడంలో కొంత పంతమూ కనిపిస్తుంది. అదే 1990లో అమెరికా, యూరప్ మహిళా ప్రొఫెషనల్స్ తలపడే సోల్‌హైమ్ కప్ మొదలైంది. ఆయన 2000 ఫిబ్రవరి 16న, 88వ ఏట చనిపోయారు. మరుసటి ఏడాది ప్రపంచ గోల్ఫ్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చారు.

బంగారు పూత దగ్గరికి మళ్లీ వద్దాం. పింగ్ పుట్టర్‌తో ఎవరైనా టూర్‌లో గెలిస్తే కంపెనీ అలాంటివే రెండు బంగారు పూతతో చేయిస్తుంది. ఒకటి ఆటగాడికి, రెండోది ఫీనిక్స్‌లోని ప్రత్యేక గదికి. బార్నమ్ మొదలు ఇప్పటికి అక్కడ మూడు వేలకు పైగా చేరాయి. 2023 సెప్టెంబరులో కాలిఫోర్నియాలోని నాపాలో ఫార్టినెట్ ఛాంపియన్‌షిప్ గెలిచిన సాహిత్ తీగల చేతిలో ఉన్నదీ పింగే. హైదరాబాద్ నుంచి వెళ్లి స్థిరపడిన తెలుగువాళ్ల అబ్బాయి.

ఇదంతా విన్నాక మా తమ్ముడు రెజ్యూమే సంగతి ఎత్తలేదు. వంటింట్లోంచి స్టీలు గ్లాసు తెచ్చి వరండాలో అడ్డంగా పడుకోబెట్టాడు. ముందు బ్లేడుతో పది, తర్వాత పింగ్‌తో పది కొట్టి, ఎన్ని లోపలికి వెళ్లాయో కేలండర్ వెనక రాసుకున్నాడు. పది సరిపోవంటూ మళ్లీ మొదలుపెట్టాడు. ఆ చప్పుడుకు అమ్మ లేచేసరికి లెక్క అరవై దాటింది. పొద్దున్నే రేపల్లె బండికి బయల్దేరుతూ ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. పింగ్ పుట్టర్ కూడా పట్టుకెళ్లాడు, ఇంకా తిరిగివ్వలేదు.